నరికాకే లెక్కకు వచ్చే చెట్టు

ఆదిలాబాద్ వైపు పాత ఇళ్ళలో ద్వారబంధాలు, దూలాలు టేకువి అయితే, తాతల నాటి పట్టెమంచాలూ పెట్టెలూ చాలావరకు జిట్రేగివి. కోస్తాలో ఈ చెట్టునే ఇరుగుడు అంటారు. వృక్షశాస్త్రంలో దీని పేరు డాల్బెర్జియా లాటిఫోలియా. ప్రపంచ కలప విపణిలో ఇండియన్ రోజ్‌వుడ్. కందులూ పెసలూ ఏ కుటుంబానికి చెందుతాయో ఈ చెట్టూ ఆ కుటుంబానిదే. డాల్బెర్జియా ప్రజాతిలో రెండువందల యాభైకి పైగా జాతులున్నాయి. వాటిలో చెప్పుకోదగ్గ కలపనిచ్చేవి కొన్ని మాత్రమే. బ్రెజిల్, మడగాస్కర్, థాయిలాండ్, లావోస్, దక్షిణ భారతం మొదలైన ప్రాంతాల్లో పెరిగే ఆ కొన్ని జాతులనే వ్యాపారులు రోజ్‌వుడ్ అన్న ఒకే పేరుతో అమ్ముతారు. వాటితో తయారయ్యే వస్తువుల అందం గురించి మనం చాలానే మాట్లాడుకుంటాం. ఆ అందానికి అడవి ఎంత చెల్లించిందన్నది రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కు ఒక్కచోటే ఉంది: ఈ చెట్టు నేలకూలాకే దానికి ధర వస్తుంది, నేలకూలాకే చట్టం దాని వైపు చూస్తుంది. నిలబడి ఉన్నంతకాలం అది ఎవరి లెక్కలోకీ రాదు.

ముందు ఆ కలప విలువ ఎక్కడినుంచి వస్తుందో చెప్పుకోవాలి. రోజ్‌వుడ్ కాండాన్ని అడ్డంగా కోస్తే బయట పాలిపోయిన రంగులో ఒక వలయం, లోపల ఊదా, ముదురు గోధుమ, నలుపు చారలు కలిసిన చేవ కనిపిస్తాయి. బయటి వలయం నీటిని మోసే సజీవ భాగం. వడ్రంగికి అది అక్కరకు రాదు, పురుగు పట్టి పోతుంది. లోపలి కణాలు ఏటేటా కొన్ని చొప్పున చనిపోతూ, చనిపోయే ముందు తమలో జిగురు పదార్థాలనూ రంగు పదార్థాలనూ నింపుకుంటాయి. ఆ పదార్థాల వల్లే చేవకు ఆ రంగు, ఆ బరువు, చెదను దరి చేరనివ్వని గుణం, రంపం పెట్టినప్పుడు వచ్చే తీపి వాసన అబ్బుతాయి. ఇదంతా నిదానంగా జరిగే పని. ఇరవై ముప్పై ఏళ్ళ చెట్టులో చేవ సన్నగా ఉంటుంది. బల్లకో మంచానికో పనికివచ్చే వెడల్పు రావాలంటే తరాలు గడవాలి. కాబట్టి రోజ్‌వుడ్ కొనేవాడు నిజానికి కొంటున్నది కాలాన్ని. ఆ కాలానికి వెల కట్టే పద్ధతి మన దగ్గర లేదు. దుంగ పొడవు, చుట్టుకొలత కొలిచి ఘనపుటడుగుల్లో ధర వేస్తాం.

ఈ కలపతో మన చేతివృత్తులవారు చేసిన పని మాత్రం అసాధారణమైనది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నంలో తెలుగు హస్తకళాకారులు రోజ్‌వుడ్, నల్లని చేవ ఉండే ఎబొనీ వంటి గట్టి కలపల్లో ఏనుగు దంతాన్ని పొదిగి, దంతం మీద సన్నని లతలూ పూలూ చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి ఐరోపా తరహా కుర్చీలు, బీరువాలు, రాతబల్లలు తయారుచేశారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వాటిని ఓడల్లో ఇంగ్లండుకు పట్టుకుపోయారు. ఈనాటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడవచ్చు. పేరే వైజాగపటం ఫర్నిచర్. దాన్ని చేసిన ఒక్క వడ్రంగి పేరు కూడా నేను చదివిన చోట కనిపించలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయిలో ఇదే జిట్రేగిని బ్లాక్‌వుడ్ అన్న పేరుతో, సందు లేకుండా నగిషీలు చెక్కిన సోఫాలుగా, బల్లలుగా మలిచి ఎగుమతి చేశారు. మైసూరు రాజప్రాసాదంలో దంతం పొదిగిన రోజ్‌వుడ్ తలుపులున్నాయి. మైసూరు పొదుగుడు పనికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. దంతం నిషేధమయ్యాక ఆ కళాకారులు వేర్వేరు రంగుల కలప ముక్కలనూ ప్లాస్టిక్‌నూ వాడడం నేర్చుకున్నారు. ఆ మార్పు నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఏనుగు కోసం ఒక కళ తన ముడిసరుకును మార్చుకోగలిగింది, కళ చావలేదు.

సంగీత వాద్యాల మాటకొస్తే, మన బొబ్బిలి వీణకు పనస కలపే ప్రాణం. రోజ్‌వుడ్ మీద ఎక్కువగా ఆధారపడ్డది పాశ్చాత్య గిటారు. వెనుక పలక, పక్క పలకలు, వేళ్ళు ఆనే మెట్ల పట్టీ ఈ కలపతో చేస్తే, తీగ కంపనాన్ని చెక్క తక్కువగా మింగుతుంది కనుక నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకప్పుడు అందుకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. బ్రెజిల్ తీరం వెంబడి ఉన్న అట్లాంటిక్ అడవి కాఫీకీ చెరకుకూ పశువుల మేతకూ పోగా మిగిలింది కొంచెమే. అందులో ఈ చెట్టు మరీ తక్కువ. దుంగల ఎగుమతిపై ఆ దేశం ఆంక్షలు పెట్టడంతో అమెరికా గిటారు కంపెనీ మార్టిన్ 1969లో మన జిట్రేగి వైపు తిరిగింది. అంతరించే ప్రమాదమున్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను, వ్యాపారం కోసం దేశాలు దాటించడం పూర్తిగా నిషిద్ధమైన మొదటి అనుబంధంలో చేర్చారు. అంటే ఒక అడవి ఖాళీ అయ్యాక మరొక అడవి తలుపు తట్టారు. ఆ తర్వాత జరిగిన కథ అంతా ఇదే క్రమంలో, ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున సాగింది.

పెద్ద ఎత్తున సాగడానికి కారణం చైనాలో హాంగ్‌ము ఫర్నిచర్‌కు పెరిగిన గిరాకీ. మింగ్, చింగ్ రాజవంశాల నాటి ఎర్రని గట్టి కలప సామాను అక్కడ వంశ గౌరవానికి గుర్తు. దేశంలో సంపద పెరిగేకొద్దీ దాన్ని కోరే కుటుంబాలు పెరిగాయి. కొందరికి అది బంగారంలా పెట్టుబడి కూడా అయింది. ఏ కలపను హాంగ్‌ము అనవచ్చో నిర్ణయిస్తూ 2000లో చైనా ఒక జాతీయ ప్రమాణం ప్రకటించింది. అందులో 33 జాతులు. 2017 సవరణ తర్వాత 29. మన జిట్రేగి ఆ జాబితాలో ఉంది. అన్నిటికంటే గౌరవనీయమైన స్థానంలో ఉన్నది శేషాచలం, పాలకొండలు, లంకమల వంటి తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెరగని మన ఎర్రచందనం. వినియోగదారుడు మోసపోకుండా చూడడానికి రూపొందించిన ప్రమాణమే వ్యాపారులకు ఏ దేశంలో ఏ చెట్టు కోసం వెతకాలో చెప్పే పట్టికగా మారింది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం 2016లో ప్రచురించిన నివేదిక ప్రకారం 2005 నుంచి 2014 వరకు ప్రపంచంలో పట్టుబడిన వన్యప్రాణి, వృక్ష సంపద విలువలో 35 శాతం రోజ్‌వుడ్‌దే. ఏనుగులకు సంబంధించినది 18 శాతం. ఏనుగు దంతం గురించి బడి పిల్లవాడికీ తెలుసు. ఈ చెట్టు గురించి పెద్దవాళ్ళకూ తెలియదు.

మడగాస్కర్‌లో జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజ్‌వుడ్ నరకడం అంటే నిజంగా ఏమిటో అక్కడ పూర్తిగా బయటపడింది. ఆ ద్వీపంలో దాదాపు 50 డాల్బెర్జియా జాతులున్నాయి. ఇంచుమించు అన్నీ అక్కడ తప్ప మరెక్కడా లేనివే. ఈశాన్య మూలన సంబావా, అంటలాహా, వోహెమార్ పట్టణాల చుట్టూ వనిల్లా తోటలు, వాటి వెనుక కొండల మీద మరోజెజీ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం మీద మసోవాలా జాతీయ ఉద్యానవనాలు ఉన్నాయి. 2009 మార్చిలో ప్రభుత్వం కూలిపోయింది. అధికారం చేతులు మారుతున్న ఆ అయోమయంలో అడవిని కాపాడే వ్యవస్థ కుప్పకూలింది. సాయుధ ముఠాలు ఉద్యానవనాల్లోకి ప్రవేశించాయి; మరోజెజీని కొంతకాలం సందర్శకులకు మూసివేయవలసి వచ్చింది. ఒక్క 2009లోనే దాదాపు లక్ష రోజ్‌వుడ్, ఎబొనీ చెట్లు, అంటే సుమారు 52,000 టన్నుల కలప నరికారని పరిశోధకులు అంచనా వేశారు. అందులో పెద్ద భాగం రక్షిత ప్రాంతాలదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రోజ్‌వుడ్ చెట్లు టేకు తోటలా గుంపుగా పెరగవు. వానల అడవిలో ఒక చెట్టుకూ మరో చెట్టుకూ చాలా దూరం ఉంటుంది. అందువల్ల ఉపగ్రహం నుంచి తీసిన ఫోటోలో అడవి పచ్చగానే కనిపిస్తుంది, లోపల మాత్రం నూరేళ్ళు దాటిన చెట్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఒక్కో చెట్టు కోసం కూలీలు బాట కొట్టుకుంటూ పోవాలి, గుడారాలు వేసుకోవాలి, వంటకు కట్టెలు కొట్టాలి, వారాల తరబడి అడవిలోనే తినాలి. తిండికి దగ్గర్లో దొరికేది కోతిని పోలిన లీమర్ల మాంసం. ప్రపంచంలో మరోజెజీ పరిసరాల్లో తప్ప కనిపించని తెల్లని సిల్కీ సిఫాకా, మసోవాలాలో మాత్రమే బతికే ఎర్ర రఫ్డ్ లీమర్ వంటి జంతువులకు ఆ రోజుల్లో కొత్త వేట మొదలైంది. వాటికి రోజ్‌వుడ్‌తో ఏ సంబంధమూ లేదు. అవి ఆ దారిలో ఉన్నాయి, అంతే.

దుంగను బయటకు తేవడం మరో విధ్వంసం. కొండదారుల్లో ట్రాక్టర్ పోదు, కాబట్టి తాళ్ళు కట్టి మనుషులే లాగుతారు. ఏటి ఒడ్డుకు చేరాక ఇంకో సమస్య: పచ్చి రోజ్‌వుడ్ నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని అడవిలోని తేలికపాటి చెట్లను నరికి, తీగలతో తెప్పలు కట్టి, ఒక్కో రోజ్‌వుడ్ దుంగకు అటూ ఇటూ తేలిక దుంగలు కూర్చి నీటిలో వదులుతారు. తీరానికి చేరాక రోజ్‌వుడ్ ఓడకెక్కుతుంది, తెప్పకు వాడిన చెట్లు పారేస్తారు. కాబట్టి ఎగుమతి కాగితంలో ఒక దుంగ కనిపిస్తే, ఆ కాగితంలోకి రాని చెట్లు దాని వెనుక ఎన్నో ఉన్నాయి. దుంగలు లాగిన కూలీకి దక్కింది రోజు కూలి. అతని ఊరికి మిగిలింది పెద్ద చెట్లు లేని అడవి, కొండచరియలు జారి బురదెక్కిన వాగులు. దుంగ రేవు దాటి, సముద్రం దాటి, ఫర్నిచర్ దుకాణం చేరేటప్పటికి దాని ధర ఎన్నో రెట్లు పెరిగింది. ఆ పెరుగుదలలో అడవి పక్క ఊళ్ళకు వాటా లేదు.

మడగాస్కర్ 2010లో ఎగుమతులను నిషేధించింది. అదే ఏడాది యునెస్కో అక్కడి అట్సినానానా వానల అడవులను ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. 2013లో అక్కడి డాల్బెర్జియా జాతులన్నీ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి, అంటే అనుమతి పత్రం ఉంటేనే వ్యాపారం చేయగల జాబితాలోకి వచ్చాయి. అయినా 2014లో సింగపూర్ ఓడరేవులో దాదాపు 30,000 మడగాస్కర్ రోజ్‌వుడ్ దుంగలు పట్టుబడ్డాయి; ప్రపంచంలో ఇప్పటివరకు పట్టుబడిన అతిపెద్ద రోజ్‌వుడ్ నిల్వల్లో అదొకటి. కేసు ఐదేళ్ళు నడిచింది. 2019లో సింగపూర్ అప్పీలు న్యాయస్థానం, ఆ సరుకు సింగపూర్ మీదుగా వేరే చోటికి వెళ్తున్నదే తప్ప సింగపూర్‌లోకి దిగుమతి అయినట్లు కాదని చెప్పి, నిందితుల శిక్షలు రద్దు చేసింది. న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పులో తప్పు పట్టగల చదువు నాకు లేదు. కానీ 30,000 దుంగల వెనుక అన్ని చెట్లు, అన్ని ఏళ్ళు ఉండగా చర్చంతా దిగుమతి అన్న మాటకు అర్థమేమిటన్న దాని చుట్టూ తిరిగిందంటే, చెట్టు నిలబడ్డ చోట జరగవలసిన కాపలాను మనం రేవులో మొదలుపెడుతున్నామని అర్థం.

నిల్వల సమస్య ఇంకొకటి. మడగాస్కర్‌లో పట్టుబడిన, దాచిపెట్టిన దుంగలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఒక్కసారి అమ్ముకోనివ్వమని ఆ దేశం మళ్ళీ మళ్ళీ కోరింది. ప్రతి దుంగకూ ముద్ర వేసి లెక్క తేల్చేదాకా కుదరదని సైటీస్ సభ్య దేశాలు అన్నాయి. అమ్మితే వచ్చే డబ్బును అడవి కాపలాకే ఖర్చు పెట్టవచ్చన్న వాదన వినడానికి బాగుంటుంది, పేద దేశానికి ఆ డబ్బు అవసరం కూడా. అయినా నేను సభ్య దేశాల వైపే ఉన్నాను. లెక్క తేలని గుట్టలోనుంచి పది దుంగలు తీసి అమ్మి, వాటి చోట అడవి నుంచి కొత్తగా నరికిన పది దుంగలు పెడితే కనిపెట్టడం దాదాపు అసాధ్యం. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎర్రచందనం గోదాముల్లో పట్టుబడ్డ దుంగలు వేల టన్నుల కొద్దీ పేరుకున్నాయి. కేంద్రం ప్రత్యేక అనుమతితో వాటిని ప్రపంచ టెండర్లు పిలిచి వేలం వేస్తున్నారు. ఖజానాకు డబ్బు రావడం మంచిదే. ఆ డబ్బులో ఎంత తిరిగి శేషాచలానికి చేరిందో ఏటా ఊరి గోడ మీద రాసి పెట్టాలని నా కోరిక.

శేషాచలం పేరు ఎత్తినప్పుడు మరొక విషయం దాటవేయలేను. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు కొండ ఊళ్ళ నుంచి చెట్లు నరకడానికి వచ్చిన కూలీలు. ఆ రోజు ఏం జరిగిందన్న దానిపై వివాదం ఉంది. దాని జోలికి నేను పోను. మడగాస్కర్‌లో దుంగ లాగిన కూలీ, శేషాచలంలో గొడ్డలి పట్టిన కూలీ, థాయిలాండ్ తాప్ లాన్ అడవిలోకి సరిహద్దు దాటి వచ్చిన కంబోడియా కూలీ, వాళ్ళను ఆపబోయి ప్రాణాలు పోగొట్టుకున్న అటవీ సిబ్బంది, వీళ్ళందరూ ఈ వ్యాపారంలో అతి తక్కువ సంపాదించి అతి ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు. పర్యావరణ నష్టాన్ని లెక్కవేసేటప్పుడు వీళ్ళను పక్కన పెట్టి చెట్లనే లెక్కించడం నాకు ఒప్పుగా తోచదు.

ఒక దేశంలో కట్టుదిట్టం పెరిగితే వ్యాపారం మరో దేశానికి మారింది. ఆగ్నేయాసియాలో సయామీస్ రోజ్‌వుడ్ 2013లో రెండో అనుబంధంలోకి వచ్చేసరికే అది చాలా చోట్ల అరుదైపోయింది. ఆ తర్వాత వంతు పశ్చిమ ఆఫ్రికాది. అక్కడి కొస్సో చెట్టు నిజానికి డాల్బెర్జియా కాదు, మన వేగిసకూ ఎర్రచందనానికీ దగ్గరి చుట్టం. సహారా ఎడారికి దిగువనున్న పొడి పచ్చిక నేలల్లో పెరుగుతుంది. ఎండాకాలంలో గడ్డి ఎండిపోయినప్పుడు పశువులకు దాని ఆకే మేత. అటువంటి చెట్టును నైజీరియా, ఘనా, సెనెగల్, మాలి దేశాల నుంచి కంటెయినర్లలో నింపి పంపారు. గాంబియాలో ఆ చెట్టు దాదాపు అంతరించిపోయాక కూడా, పక్కనున్న సెనెగల్ కసమాన్స్ ప్రాంతం నుంచి తెచ్చిన దుంగలతో అక్కడి రేవు నుంచి ఎగుమతులు ఏళ్ళ తరబడి సాగాయి. 2022లో గాని ఆ చెట్టు పెరిగే దేశాలన్నిటి నుంచి దాని వ్యాపారాన్ని ఆపమని సైటీస్ చెప్పలేదు. మేత పోయిన పశువుల కాపరి ఆ సరికే ఇంకో చోటికి వలస వెళ్ళి ఉంటాడు.

ఈ తరలింపును ఆపడానికే 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశంలో డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్నీ రెండో అనుబంధంలో చేర్చారు. 2017 జనవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. జాతి జాతికీ తేడా గుర్తించడం కస్టమ్స్ అధికారికి కష్టం, కోసిన పలకలో అయితే మరీ కష్టం. కనుక అన్నిటినీ ఒకే గాటన కట్టడం సబబైన నిర్ణయమే. కానీ దాని దెబ్బ తగలకూడని చోట కూడా తగిలింది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ వంటి ఊళ్ళలో వేలాది కుటుంబాలు శీషం కలపతో పెట్టెలు, బొమ్మలు, అలంకరణ వస్తువులు చేస్తాయి. శీషం కూడా డాల్బెర్జియానే, కానీ అది ఉత్తర భారతంలో పొలం గట్ల మీద, కాలువల వెంబడి, తోటల్లో విరివిగా పెరిగే చెట్టు. అంతరించిపోయే స్థితిలో లేదు. అయినా పది కిలోలు దాటిన ప్రతి పార్శిలుకూ అనుమతి పత్రం కావలసి వచ్చింది. హస్తకళల ఎగుమతులు ఏడాదికి సుమారు వెయ్యి కోట్ల రూపాయల నుంచి ఐదారు వందల కోట్లకు పడిపోయాయని, దాదాపు 50,000 మంది కళాకారుల జీవనం దెబ్బతిన్నదని కేంద్ర ప్రభుత్వం తెలిపింది. 2019లో జెనీవా సమావేశం పూర్తయిన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చింది. శీషం కళాకారులకు ఊరట దొరికింది 2022లో, పనామా సమావేశంలో: పార్శిలు మొత్తం బరువు కాక ఒక్కో వస్తువులోని కలప బరువునే లెక్కలోకి తీసుకోవాలన్నారు. వాద్యాల కంపెనీల గోడు ముందు వినిపించింది, సహారన్‌పూర్ గోడు వినిపించడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఇక మన జిట్రేగి సంగతి. పడమటి కనుమల్లో, దక్కను పొడి అడవుల్లో ఇది సహజంగా పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని హాని పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. దుంగల ఎగుమతిని మన దేశం ఏనాడో నిషేధించింది; తమిళనాడు 1994లో ప్రైవేటు భూముల్లోని రోజ్‌వుడ్‌కు కూడా వర్తించే చట్టం చేసింది. కాగితం మీద రక్షణకు కొదవ లేదు. అయినా తిన్నగా, లావుగా ఎదిగిన చెట్లనే ఏరి ఏరి నరకడం వల్ల అడవిలో మిగిలినవి వంకరవీ బక్కవీ. రేపటి విత్తనం వాటినుంచే రావాలి. వేసవి మంటలు, పశువుల మేత, పొదలుగా కమ్ముకునే లంటానా మధ్య మొలక నిలదొక్కుకోవడం కష్టం. వేళ్ళ నుంచి పిలకలు వేసే గుణం ఉంది కాబట్టి మాత్రమే ఈ జాతి ఇంకా పూర్తిగా ఓడిపోలేదు.

కేరళలో వయనాడు జిల్లా ముట్టిల్‌లో జరిగినది చూడండి. ప్రభుత్వం పంచిన భూముల్లో రైతులు నాటిన చెట్లనూ, తమంతట తాము మొలిచిన చెట్లనూ, చందనం మినహా, నరుక్కోవచ్చని 2020 అక్టోబరులో ఒక ఉత్తర్వు వచ్చింది. రైతుకు తన చెట్టు మీద హక్కు ఇవ్వాలన్న ఉద్దేశం అందులో ఉండవచ్చు. 2021 ఫిబ్రవరిలో దాన్ని ఉపసంహరించేలోపు, అక్కడ వందకు పైగా రోజ్‌వుడ్ చెట్లు నేలకూలాయి; వాటిలో కొన్ని వందల ఏళ్ళ వయసువి. చెట్లు ఉన్నది ఆదివాసీ, చిన్న రైతుల భూముల్లో. లాభం పొందాలనుకున్నది కలప వ్యాపారులు. ఒకవైపు ఇలా ఉంటే, కర్ణాటకలోని కొడగు కాఫీ తోటల్లో దీనికి పూర్తిగా విరుద్ధమైన ఏర్పాటు ఉంది. అక్కడ చాలా భూముల్లో నేల రైతుదే, సహజంగా పెరిగిన చెట్ల కలప మాత్రం ప్రభుత్వానిది. దాంతో నీడ కోసం రైతు ఏం చేస్తాడు? నరుక్కోవడానికీ అమ్ముకోవడానికీ అడ్డులేని సిల్వర్ ఓక్ నాటుతాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగకు ఆసరా ఇస్తుంది. జిట్రేగి మొలక కనిపిస్తే పీకేస్తాడు. పెరిగితే అది తన పొలంలో ప్రభుత్వ ఆస్తి అవుతుంది. ఒక చోట హక్కు వదిలేయడం వల్ల పాత చెట్టు పోయింది, మరో చోట హక్కు లాగేసుకోవడం వల్ల కొత్త చెట్టు పుట్టడం లేదు. రెండు చోట్లా నిలబడి ఉన్న చెట్టుకు విలువ సున్నా.

దీనికి భిన్నమైన దారి ఒకటి టాంజానియాలో కనిపిస్తుంది. క్లారినెట్, ఓబో వంటి వాద్యాలకు వాడే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ కూడా డాల్బెర్జియానే. స్వాహిలీలో దాన్ని మ్‌పింగో అంటారు. కిల్వా జిల్లాలో కొన్ని గ్రామాలు తమ అడవిని చట్టబద్ధంగా తమ పేర రాయించుకుని, ఏ ఏడాది ఎన్ని చెట్లు తీయవచ్చో తామే లెక్కవేసుకుని, 2009లో అంతర్జాతీయ అటవీ ధ్రువీకరణ పొందాయి. దుంగ అమ్మిన డబ్బు ఊరి ఖాతాలోకి వస్తుంది. కొద్దిపాటి చెట్లే అమ్ముతారు, కానీ మిగతా చెట్లకు ఊరంతా కాపలా. ఇండోనేషియాలో జావా రైతులు మన జిట్రేగినే సోనోకెలింగ్ అన్న పేరుతో పెరటి అడవుల్లో, గట్ల మీద పెంచి అమ్ముతున్నారు. ఆ కలపలో చేవ అడవి చెట్టంత లావుగా ఉండదు. గిటారు పట్టీకీ చిన్న సామానుకూ అది చాలు. పెద్ద పలక కావాలనుకునే కోరికే తగ్గాలి.

అందుకే నా వరకు నేను కొత్త రోజ్‌వుడ్ సామాను కొనను. పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చే జిట్రేగిని ముక్క వృథా కానివ్వకుండా మళ్ళీ వాడే వడ్రంగులు మా వైపు ఇంకా ఉన్నారు. పని అవసరమైనప్పుడు వాళ్ళ దగ్గరికే వెళ్తాను. చెక్కను చిత్రిక పట్టేటప్పుడు లేచే పొడి ఒంటికి పడక దద్దుర్లు, దగ్గు వస్తాయి కనుక ముక్కుకు గుడ్డ కట్టుకుని చేస్తారు. వాళ్ళ కూలి ఎక్కువనిపించినా బేరం ఆడకూడదనే అనుకుంటాను, ఎందుకంటే పాత కలపను నిలబెట్టే ప్రతి పనిదినం ఒక చెట్టుకు ఇచ్చే గడువు.

మన రెండు రాష్ట్రాల్లో పట్టా భూమిలో చెట్టు నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి, కలప తరలించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. నరికే రోజుకు ఇన్ని కాగితాలున్నాయి, నాటిన రోజుకు ఒక్కటీ లేదు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో కూడా నీడ కోసం ఎక్కువగా నాటింది సిల్వర్ ఓకే. ఆ గిరిజన రైతులకు సిల్వర్ ఓక్‌తో పాటు ఎకరానికి నాలుగైదు జిట్రేగి మొక్కలు ఇచ్చి, నాటిన నాడే ప్రతి మొక్కనూ పేరుతో సహా నమోదు చేసి, చెట్టు రైతుదేనని పత్రం రాసిచ్చి, అది నిలబడి ఉన్న ప్రతి ఏడాదికీ కొంత సొమ్ము చెల్లించే ఏర్పాటు చేయవచ్చు. పట్టుబడ్డ ఎర్రచందనం వేలం డబ్బులో చిన్న భాగం దీనికి సరిపోతుంది. ఈ ప్రతిపాదనను రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ, అరకు ప్రాంత గిరిజనాభివృద్ధి సంస్థకూ ఉత్తరంగా రాస్తున్నాను. కాఫీ తోటలున్నవాళ్ళు, అటవీ శాఖలో పనిచేసినవాళ్ళు ఇందులో ఆచరణకు నిలవనిది ఏదైనా ఉంటే చెప్పండి, పంపేలోపు సరిదిద్దుతాను.